ఆట లేని కాలంలో ఆటగాళ్ళ బేరం

ప్రతి సంవత్సరమూ వేసవి చివర ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలు ముగుస్తవి. మైదానాలలో గడ్డి మళ్ళీ మొలుస్తుంది. అటుపిమ్మట కార్తిక మార్గశిర మాసాలలో, ఎక్కడా బంతి పడకుండానే, క్రీడావార్తలలో ఒక వింత భాష వినబడడం మొదలవుతుంది. ఫలానా జట్టు ఫలానా ఆటగాణ్ణి అట్టిపెట్టుకొన్నదనీ, మరొకణ్ణి విడిచిపెట్టినదనీ, ఇంకొకణ్ణి వేరొక జట్టుకు మారకం వేసినదనీ, సంచిలో ఇంకా ఇన్ని కోట్లు మిగిలి ఉన్నవనీ వార్తలు వస్తవి. తెనాలి బట్టల దుకాణాలలోను, బాపట్ల కాలేజీ వసారాలలోను, రేపల్లె పాసెంజరు బండిలోను ఈ మాటల మీద వాదోపవాదాలు జరుగుతూ ఉండగా మేము విన్నాము. వాదించే వారిలో సగంమందికి ఈ లావాదేవీల నియమాలు తెలియవని కూడా గ్రహించినాము. మమ్మల్ని మేము వేరుగా లెక్కించుకొనుట లేదు. ఈ వార్తలను తయారు చేసే మాకే చాలకాలం ఇవి అంతు పట్టలేదు. హైదరాబాదు జట్టునే ఉదాహరణగా తీసుకొని, ఈ బేరం ఏ విధంగా సాగుతుందో, అందులో ఎవరికి ఎంత స్వాతంత్ర్యం ఉన్నదో ఇక్కడ వివరింపదలచినాము.

తెనాలి వారికి ఈ వ్యవహారం పూర్తిగా కొత్తది కాదు. నాటకరంగంలో ఇటువంటిది వారి పెద్దలు చూచినదే. ఒకప్పుడు తెనాలిలో శ్రీరామ విలాస సభ వంటి సమాజాలు ఉండేవి. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషానికి ప్రసిద్ధి పొందినది ఆ సభ రంగస్థలం మీదనే. అటువంటి సమాజాలలో నటులు ఒకచోట చేరి, ఒకరి పద్యం ఎక్కడ ఆగితే రెండవవారి మాట ఎక్కడ అందుకోవలెనో తెలిసేదాకా సాధన చేసేవారు. ఆ తరువాత కంట్రాక్టు నాటకాలు వచ్చినవి. కంట్రాక్టరు ఒక ఊరి నుండి కృష్ణుణ్ణి, మరొక ఊరి నుండి అర్జునుణ్ణి, వేరొకచోట నుండి హార్మోనిస్టును బయానా ఇచ్చి ఒక్క రాత్రికి రప్పించేవాడు. పేరు గల కృష్ణులు ఇద్దరు ముగ్గురు దొరికితే ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని రంగాలు పంచేవాడు. గోడపత్రిక మీద పేర్లు చూచి జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. పద్యం పద్యానికీ వన్స్ మోర్ కేకలు. అయితే రాయబారం నడిపే కృష్ణునికి, ఎదుట కూర్చున్న దుర్యోధనునికి అదివరకు ముఖపరిచయమైనా ఉండకపోవచ్చును. అటువంటి రాత్రి పద్యం గెలుస్తుంది, నాటకం గెలుస్తుందో లేదో చెప్పలేము. ఈ పోలికను శ్రోతలు మనస్సులో ఉంచుకొన్నట్లయితే ముందు చెప్పబోయే కోట్ల లెక్కలు కొంత సులభమవుతవి.

క్రికెట్‌లో కూడా వేలాలకు పూర్వం ఇటువంటి రప్పించుట ఉండేది. అయితే అప్పటి కంట్రాక్టర్లు మహారాజులు. నాగపూరులో తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడుగారిని ఇందోరు హోల్కరు మహారాజు 1923లో తన సంస్థానానికి పిలిపించుకొని సైన్యంలో పదవి ఇచ్చినాడు. హోల్కరు జట్టు తరువాత నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచినది. యుద్ధకాలంలో భారతదేశంలో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ 1944-45 రంజీ ఫైనలులో హోల్కరు పక్షాన ఆడి 249 పరుగులు చేసి అజేయంగా నిలిచినాడు. ఆ ఆటలో గెలిచినది మాత్రం బొంబాయి. నాయుడుగారు వార్ధక్యంలో, 1953-54లో, అప్పుడే రంజీలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించినారు. ఈ ఆంధ్ర జట్టు ప్రస్తావన తిరిగి వస్తుంది.

ఇక నేటి పద్ధతి. ఐ.పి.ఎల్.లో జట్టును నడిపే యాజమాన్యాన్ని ఫ్రాంచైజీ అంటారు. ప్రతి ఫ్రాంచైజీకి ఆటగాళ్ళ నిమిత్తం ఖర్చు చేయదగిన మొత్తం ముందుగానే నిర్ణయమై ఉంటుంది. 2025 పోటీలకు ఈ మొత్తం 120 కోట్ల రూపాయలు. ఎంత ధనవంతుడైన యజమాని అయినా ఒక్క రూపాయి ఎక్కువ పెట్టరాదు. జట్టులో 18 మందికి తక్కువ కాకుండా, 25 మందికి మించకుండా ఉండవలెను. వారిలో విదేశీయులు 8 మందికి మించరాదు. మైదానంలో దిగే పదకొండుగురిలో విదేశీయులు నలుగురే. ఈ నలుగురు అనే అంకెను పాఠకులు మరచిపోరాదు. హైదరాబాదు కష్టాలలో సగం దానిలోనే ఉన్నవి.

ఈ హద్దుల లోపల ఫ్రాంచైజీకి మూడు ద్వారాలు ఉన్నవి. మొదటిది రిటెన్షన్, అనగా ఉన్నవారిని అట్టిపెట్టుకొనుట. రెండవది ట్రేడ్, అనగా వేరొక జట్టుతో మారకం. ఇది మనిషికి మనిషి కావచ్చును, మనిషికి డబ్బు కావచ్చును. మూడవది వేలం. మారకానికి గడువు ఉన్నది. పోటీలు ముగిసిన వారం తరువాత ఆరంభమై, వేలానికి వారం ముందు మూతపడుతుంది. వేలం తరువాత మరల కొంతకాలం తెరుస్తారు. ఒక ద్వారంలో ప్రవేశించినంత మాత్రాన రెండవది ఉచితం కాదు. అట్టిపెట్టుకొన్నవాని వేతనం సంచిలో నుంచే పోతుంది. విడిచిపెడితే ఆ సొమ్ము సంచిలోకి తిరిగి వస్తుంది గాని, ఆ మనిషి మరల దొరుకుతాడనే నమ్మకం లేదు.

హైదరాబాదుకు ఈ సంగతి మొదటినాడే అనుభవానికి వచ్చినది. 2008 ఫిబ్రవరి 20న ముంబాయిలో జరిగిన తొలి వేలానికి ముందు, కొన్ని నగరాలు తమ ప్రాంతపు ప్రసిద్ధుణ్ణి వేలంతో నిమిత్తం లేకుండా ఐకాన్ ఆటగాడుగా ఉంచుకొన్నవి. ముంబాయికి సచిన్, కలకత్తాకు గంగూలీ ఆ విధంగా దక్కినారు. అటువంటి ఆటగానికి, జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాని కన్న నూటికి 15 వంతులు అధికంగా ఇవ్వవలెను. డెక్కన్ ఛార్జర్స్ అనే పేరుతో ఉన్న నాటి హైదరాబాదు జట్టుకు వి.వి.ఎస్. లక్ష్మణ్ ఐకాన్ కావలసినవాడు. ఆయన ఆ హోదాను వదులుకొన్నాడు. తనకు పోయే సొమ్ముతో జట్టు ఇంకొక మంచి ఆటగాణ్ణి కొనవచ్చునని ఆయన ఉద్దేశం. ఆ సంవత్సరం సంచి 50 లక్షల డాలర్లు. అందులో 13 లక్షల 50 వేల డాలర్లు పెట్టి హైదరాబాదు ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను కొన్నది. గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షలకు తీసుకొన్నది. పేర్లు చూస్తే గోడపత్రిక నిండిపోయినది. పోటీల చివరకు ఆ జట్టు ఎనిమిదింటిలో ఎనిమిదవది.

మరుసటి సంవత్సరం, 2009లో, దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలలో అదే జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వాన కప్పు గెలుచుకొన్నది. ప్రధానమైన ఆటగాళ్ళు చాలవరకు వారే. ఒక సంవత్సరం కలిసి ఓడినందువల్ల గెలుపు వచ్చినదని మేము నిరూపింపలేము. కంట్రాక్టు నాటకం రెండవ ఏడాదికి సమాజం అయినదని మాత్రం మాకు తోస్తుంది. 2012లో ఛార్జర్స్ ఫ్రాంచైజీ రద్దయినది. ఏడాదికి 85 కోట్ల 5 లక్షల చొప్పున చెల్లించే ఒప్పందంతో సన్ టి.వి. సంస్థ హైదరాబాదు హక్కును పొందినది. సన్‌రైజర్స్ అనే పేరు 2013 నుండి వ్యవహారంలోకి వచ్చినది. 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వాన ఆ జట్టు కప్పు గెలిచినది.

మూడు ద్వారాలలో రెండవదానికి, అనగా మారకానికి, హైదరాబాదు చరిత్రలో ఒక ముచ్చటైన ఉదాహరణ ఉన్నది. 2018 చివర శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, బదులుగా హైదరాబాదు ముగ్గురిని తీసుకొన్నది. వారు విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ. భారత జట్టులో ఆరితేరిన ప్రారంభ బ్యాట్స్‌మన్ వెళ్ళి ముగ్గురు రావడం చూచి, ఇది రూపాయికి మూడు అర్ధణాలు తీసుకొన్నట్లున్నదని అప్పుడు నవ్వినవారు ఉన్నారు. మేము కూడ నవ్వినాము. ముగ్గురిలో పెద్ద పేరు విజయ్ శంకర్‌ది. గుంటూరివాడైన ఎం.ఎస్.కె. ప్రసాద్ అధ్యక్షతన ఉన్న ఎంపిక సంఘం 2019 ప్రపంచకప్పుకు, మరొక గుంటూరివాడైన అంబటి రాయుడును కాదని, ఇతణ్ణే ఎంపిక చేసినది. ఆ ఎంపికపై మన జిల్లాలో జరిగిన వాదాలు ఇంకా పూర్తిగా చల్లారలేదు. మారకంలో చివరగా వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు అభిషేక్ శర్మను ఆనాడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఏడేళ్ళ అనంతరం, 2025 ఏప్రిల్ 12న, హైదరాబాదు ఉప్పల్ మైదానంలో పంజాబు మీద అతడు 55 బంతులలో 141 పరుగులు చేసినాడు. ఐ.పి.ఎల్.లో ఒక భారతీయుడు చేసిన అత్యధిక స్కోరు అప్పటికి అదే. మారకం మంచిదో చెడ్డదో చెప్పుటకు ఏడేళ్ళు పట్టినది. అంతకాలం ఎదురుచూచే ఓపిక యాజమాన్యాలకు సాధారణంగా ఉండదు. ఈ విషయంలో హైదరాబాదు ఓపికను మెచ్చుకొనవలసినదే. నడుమ 2022 వేలంలో ఇదే కుర్రవానికి 6 కోట్ల 50 లక్షలు ఇచ్చి మరల కొనవలసి వచ్చినది కూడా.

ఇంత ఓపిక అన్నిచోట్లా చూపలేదు. 2021లో వార్నర్‌ను పోటీల నడుమనే నాయకత్వం నుండి తప్పించినారు. ఆ సంవత్సరం చివర అతణ్ణీ, ఆఫ్ఘనిస్థాన్ స్పిన్ బౌలరు రషీద్ ఖాన్‌నూ అట్టిపెట్టుకొనలేదు. వార్నర్ 6 కోట్ల 25 లక్షలకు ఢిల్లీకి వెళ్ళినాడు. రషీద్ ఖాన్ కొత్తగా ఏర్పడిన గుజరాత్ జట్టులో చేరి మొదటి ఏడే కప్పు అందుకొన్నాడు. హైదరాబాదు ఆనాడు 14 కోట్లకు అట్టిపెట్టుకొన్న కేన్ విలియమ్సన్‌ను మరుసటి ఏడు విడిచిపెట్టగా, అతణ్ణి గుజరాత్ 2 కోట్లకు కొన్నది. ఒక సంవత్సరంలో ఒకే మనిషి ధర 14 నుండి 2కు దిగినది. ఆ మిగిలిన సొమ్ముతో హైదరాబాదు 2022 డిసెంబరులో ఇంగ్లండు యువకుడు హారీ బ్రూక్‌ను 13 కోట్ల 25 లక్షలకు పాడినది. పదకొండు ఆటలలో 190 పరుగులు మాత్రమే వచ్చినవి. అందులో 100 ఒకే ఆటలో చేసినవి. 2023 నవంబరులో అతణ్ణీ వదలినారు.

వదలగా వచ్చిన సొమ్మును ఈసారి సద్వినియోగం చేసినారు. 2023 డిసెంబరు 19న దుబాయిలో జరిగిన వేలంలో ఆస్ట్రేలియా నాయకుడు పాట్ కమిన్స్‌ను 20 కోట్ల 50 లక్షలకు, అతని సహచరుడు ట్రావిస్ హెడ్‌ను 6 కోట్ల 80 లక్షలకు కొన్నారు. 2024లో హెడ్, అభిషేక్ ఇద్దరూ ఆటను ప్రారంభించగా, క్లాసెన్ నడుమ తోడు కాగా, ఆ జట్టు బెంగుళూరు మీద 3 వికెట్లకు 287 పరుగులు చేసినది. ఐ.పి.ఎల్.లో అప్పటికది రికార్డు. ఫైనలుకు కూడ చేరినది. చెన్నైలో జరిగిన ఆ ఫైనలులో 113 పరుగులకే అందరూ ఔటై కలకత్తా చేతిలో ఓడినది. కలకత్తా పక్షాన ఆరోజు మొదటి వికెట్టు తీసిన మిచెల్ స్టార్క్ కూడ అదే దుబాయి వేలంలో, కమిన్స్ కంటే ఎక్కువగా 24 కోట్ల 75 లక్షలకు, కొనబడినవాడే.

ఇక్కడ లెక్క కొంచెం జాగ్రత్తగా చూడవలెను. 2024 అక్టోబరు 31న హైదరాబాదు ఐదుగురిని అట్టిపెట్టుకొన్నది. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, హెడ్‌కు 14, అభిషేక్‌కు 14, విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. కూడిక 75 కోట్లు. 120లో 75 పోగా మిగిలినది 45. ఈ 45తో కనీసం 13 మందిని కొనవలెను. జెడ్డాలో నవంబరు 24, 25 తేదీలలో జరిగిన వేలంలో ఇషాన్ కిషన్‌కు 11 కోట్ల 25 లక్షలు, మహమ్మద్ షమీకి 10 కోట్లు, హర్షల్ పటేల్‌కు 8 కోట్లు పెట్టినారు. ఇక మిగిలినవి 15 కోట్ల 75 లక్షలు. వీటితో పదిమందికి తక్కువ కాకుండా తెచ్చుకోవలెను. సంపన్న గృహస్థు పెండ్లిపందిరికి నాలుగు వంతులలో మూడు వంతులు పెట్టి, తక్కిన దానితో విందు వడ్డించినట్లున్నది ఈ ఏర్పాటు.

ఫలితం ఎలా ఉన్నది? 2025 తొలి ఆటలో రాజస్థాన్ మీద 6 వికెట్లకు 286 పరుగులు. కిషన్ 106 చేసి అజేయంగా నిలిచినాడు. అందరూ ఇక కప్పు మనదే అన్నారు. తరువాత వరుసగా ఓటములు. చివరకు ఆరవ స్థానం. పైన ఉన్న నలుగురు కొట్టిన రోజున కొండలు పిండి అయినవి. వారు త్వరగా ఔటైన రోజున ఆదుకొనే వారు కనబడలేదు. షమీ తొమ్మిది ఆటలలో తీసినది ఆరు వికెట్లు. ముగ్గురు విదేశీయులు స్థిరంగా ఆడుతున్నందువల్ల మిగిలిన విదేశీయులందరికీ కలిపి ఉన్నది ఒకే చోటు. ఐదవ విదేశీయుడు ఎంత గొప్పవాడైనా బల్ల మీద కూర్చోవలసినదే. ఈ లెక్కను వేలం రోజుననే వేసుకోవలసినది.

2025 నవంబరు నాటి ఆటలేని కాలంలో హైదరాబాదు చేసిన పనులు ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలే. షమీని 10 కోట్లకు లక్నోకు ఇచ్చివేసినారు. ఇది మనిషికి డబ్బు మారకం. క్లాసెన్‌ను విడిచిపెట్టి 23 కోట్లు సంచిలో వేసుకోవలెనని సలహా ఇచ్చినవారు పెక్కుమంది. యాజమాన్యం వినలేదు. మా అభిప్రాయంలో వినకపోవుటే మంచిది. రషీద్ ఖాన్ విషయంలో ఒకసారి నేర్చుకొన్న పాఠాన్ని రెండవసారి ఫీజు కట్టి నేర్చుకొనుట అనవసరం. అదే సమయంలో అనుభవం గల స్పిన్ బౌలర్లు రాహుల్ చాహర్, ఆడమ్ జాంపా ఇద్దరినీ ఒకేసారి వదలుట మాకు తొందరపాటుగా కనబడినది. మిగిలిన 25 కోట్ల 50 లక్షలతో డిసెంబరు 16న అబుదాబి వేలానికి వెళ్ళి, అందులో సగానికి పైగా, 13 కోట్లు, ఇంగ్లండు ఆటగాడు లియామ్ లివింగ్‌స్టన్‌పై పెట్టినారు. బ్యాటింగు, స్పిన్ బౌలింగు రెండూ తెలిసిన మనిషి గనుక నాలుగవ విదేశీయుని చోటుకు తగినవాడే. కాని మూడేళ్ళ క్రితం మరొక ఆంగ్లేయునిపై ఇంచుమించు ఇంతే సొమ్ము పెట్టినప్పుడు ఏమయినదో పైన చెప్పినాము.

అదే నవంబరులో ఇతర జట్ల నడుమ జరిగిన పెద్ద మారకం గురించి కూడ శ్రోతలు వినియుందురు. సంజు శాంసన్ రాజస్థాన్ నుండి చెన్నైకి వచ్చినాడు. చెన్నైకి చిరకాలం ఆడిన రవీంద్ర జడేజా, సామ్ కరన్‌తో కలిసి రాజస్థాన్‌కు వెళ్ళినాడు. జడేజా ధర 18 కోట్ల నుండి 14కు తగ్గినది. ఈ పేరు చూచినప్పుడు పాత సంగతి ఒకటి గుర్తుకు వస్తుంది. 2010లో ఇదే జడేజా, రాజస్థాన్‌తో ఒప్పందం ఉండగా, వేరొక జట్టుతో సొంతంగా మాట్లాడుకొన్నాడని ఆ సంవత్సరం పోటీల నుండి నిషేధింపబడినాడు. కంట్రాక్టు నాటకాల కృష్ణునికి ఉన్న స్వేచ్ఛ, నాకు ఫలానా ఊళ్ళో ఎక్కువ ఇస్తామన్నారు కనుక అక్కడికి వెళ్తాననే స్వేచ్ఛ, క్రికెట్ ఆటగానికి లేదన్నమాట. మారకానికి అతని అంగీకారం అడుగుతారు. వేలంలో అది కూడ లేదు. ఎవరు పాడితే వారి ఊరు.

ఈ విషయంలో అమెరికావారి బేస్‌బాల్ ఆట మరొక దారిలో పోయినది. అక్కడ చాలకాలం ఒక షరతు ఉండేది. ఒకసారి ఒక క్లబ్బుతో ఒప్పందం చేసుకొన్న ఆటగాడు, గడువు తీరినా, ఆ క్లబ్బు వదిలితే తప్ప ఇంకొకచోట ఆడరాదు. క్లబ్బు మాత్రం అతణ్ణి అమ్మవచ్చును. బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ణి బోస్టన్ క్లబ్బు 1919 చివర న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మినది. 1969లో సెయింట్ లూయిస్ క్లబ్బు తనను ఫిలడెల్ఫియాకు పంపగా, కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు నేను వస్తువును కానని ఎదురు తిరిగి న్యాయస్థానానికి వెళ్ళినాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయినాడు. అతని ఆట అప్పటికే ముగిసినది. కాని మూడేళ్ళకే, 1975 డిసెంబరులో, మరి ఇద్దరు ఆటగాళ్ళ తగవులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఆ షరతు కూలినది. నేడు అక్కడ పెద్ద పోటీలలో ఆరు సంవత్సరాల సేవ పూర్తి చేసి, ఒప్పందం తీరిన ఆటగాణ్ణి ఫ్రీ ఏజెంట్ అంటారు. అతడు తనకు ఇష్టమైన ఊరితో, ఇష్టమైన ధరకు మాట్లాడుకొనవచ్చును. క్లబ్బు అతణ్ణి కొనదు, ఒప్పించుకొంటుంది. మన వేలంలో విడుదలైన ఆటగాడు చూపులకు స్వతంత్రుడే. ధర పెరుగుతుంది, ఊరు మాత్రం అతని చేతిలో లేదు. దీనివల్ల చిన్న జట్లకు కూడ మంచివారు దొరుకుతారు, ధనికులు అందరినీ దోచుకొనలేరు అనేది వేలం పక్షాన ఉన్న వాదం. ఆ వాదంలో బలం లేదని మేము అనము.

ఇక మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి మిగిలినది. హైదరాబాదు జట్టులో మనవాళ్ళు ఎందుకు ఉండరు? తెనాలి నుండి రేపల్లె దాకా ఖాళీ పొలాలలో, చెరువు గట్టున, బాపట్ల కాలేజీ మైదానంలో సాయంకాలం బ్యాటు పట్టని పిల్లవాడు అరుదు. కిట్టు కొనుటకు, గుంటూరు వెళ్ళి నేర్చుకొనుటకు తల్లిదండ్రులు పెట్టే ఖర్చు కూడ తక్కువ కాదు. ఆ ఖర్చు పెట్టే ఇండ్లలో హైదరాబాదు జట్టు మన జట్టు అనే నమ్మకం ఉన్నది.

2008లో ప్రతి జట్టులోను తమ ప్రాంతపు ఆటగాళ్ళు కొందరు ఉండి తీరవలెననే నియమం ఉండేది. తరువాత అది పోయినది. వేలంలో పాటగాని వద్ద ఉన్న కాగితం మీద పరుగులు, వికెట్లు ఉంటవి గాని ఊరు పేరుకు విలువ లేదు. గుంటూరి అంబటి రాయుడు ముంబాయికి మూడు, చెన్నైకి మూడు కప్పులలో పాలుపంచుకొన్నాడు. హైదరాబాదుకు ఒక్క ఐ.పి.ఎల్. ఆట ఆడలేదు. హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొని, మరుసటి ఏడు పోనిచ్చినది. అతడు బెంగుళూరుకు ఏడేళ్ళు ఆడి, 2024 చివర 12 కోట్ల 25 లక్షలకు గుజరాత్ చేరినాడు. తిలక్ వర్మ కూడ హైదరాబాదువాడే. 2022లో ముంబాయి 1 కోటి 70 లక్షలకు ఎగరేసుకొనిపోయినది. ఈ వరుసలో నితీశ్ రెడ్డి ఒక్కడే ఊరట. 2023 పోటీలకు 20 లక్షలకు దొరికిన ఆ కుర్రవాణ్ణి హైదరాబాదు గుర్తించి, ఆడించి, 6 కోట్లకు నిలుపుకొన్నది.

ఇంకొక సంగతి చాలమందికి తెలియదు. జట్టు పేరు హైదరాబాదు అయినా, తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలు హైదరాబాదు క్రికెట్ సంఘం పరిధిలోని వారు కారు. వారి దారి 1953-54లో నాయుడుగారు నడిపిన ఆ ఆంధ్ర జట్టు గుండానే పోవలెను. జిల్లా జట్టులో ఆడి, ఆంధ్ర క్రికెట్ సంఘం వారి వయోవర్గపు పోటీలలో కనబడి, రాష్ట్రానికి రంజీలోగాని, సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలోగాని ఆడిన తరువాత సాధారణంగా సంఘం ద్వారా వేలానికి పేరు నమోదు అవుతుంది. ముస్తాక్ అలీ ట్రోఫీ ఇరవై ఓవర్ల పోటీ. ఐ.పి.ఎల్. జట్ల పరిశీలకులు అక్కడే కూర్చుంటారు. జెడ్డా వేలానికి 1,574 మంది పేర్లు నమోదు చేసుకోగా, కొనబడినవారు 182 మంది. భారతదేశానికి ఆడని యువకునికి కనీస ధర అప్పుడు 30 లక్షలు.

ఆ 182 మందిలో గుంటూరు కుర్రవాడు షేక్ రషీద్ ఒకడు. 2022లో పందొమ్మిదేళ్ళ లోపువారి ప్రపంచకప్పు గెలిచిన భారత జట్టుకు అతడు ఉపనాయకుడు. సెమీఫైనలులో ఆస్ట్రేలియా మీద 94, ఫైనలులో 50 చేసినాడు. ఆ సంవత్సరం చివర చెన్నై అతణ్ణి 20 లక్షలకు కొన్నది. 2023లో ఒక్క ఆట రాలేదు. 2024లోను రాలేదు. జట్టు విడుదల చేసి, జెడ్డాలో మరల 30 లక్షలకు తీసుకొన్నది. మూడవ సంవత్సరం, 2025 ఏప్రిల్ 14న, లక్నోలో లక్నో జట్టు మీద మొదటిసారి బ్యాటు పట్టుకొని దిగినాడు. 19 బంతులలో 27 పరుగులు చేసినాడు. ఆ సాయంకాలం స్కోరు చెప్పుకొంటూ ఉండగా మా స్టూడియోలో గుంటూరు జిల్లావారు ఇద్దరు ఉన్నారు. వార్తల సమయం వచ్చినా బల్ల దగ్గర నుండి వారిని లేపుట కష్టమయినది.